బాదము పూలకొమ్మ

తోడబుట్టినవారు ఎల్లకాలము ఒక్క యింట నుండుట అరుదు. అక్క అత్తవారింటి కేగును. అన్న ఉద్యోగమునకై పట్టణము చేరును. తమ్ముడు చదువునకై దూరదేశమునకు పోవును. అందుచేతనే మన పెద్దలు పండుగ పిలుపును, కొత్తబట్టలును, పసుపుకుంకుమలును, సారెయును ఏర్పరచిరి. వాని వెల స్వల్పమైనను, 'నిన్ను మేము మరువలేదు' అను మాట వానిలో ఇమిడియున్నది. ఇదే మాటను లేఖలచేతను కానుకలచేతను పదునెనిమిదేండ్లు ఒకరికొకరు తెలుపుకొనిన అన్నదమ్ములు యూరపు ఖండమున ఉండిరి. వారి కథను తెలిసికొందము.

విన్సెంట్ వాన్ గో 1853 మార్చి 30వ తేదీన హాలెండు దేశమున ఒక క్రైస్తవ మతాచార్యుని యింట జన్మించెను. అతని తమ్ముడు థియో 1857లో జన్మించెను. 1872లో విన్సెంట్ హేగ్ నగరమున ఉద్యోగము చేయుచుండగా, తమ్ముడు వచ్చి అతనితో కొన్ని దినములు గడపి వెడలిపోయెను. అపరాహ్ణమున ఇల్లు చేరినప్పుడు నీవు కనబడకుండుట వింతగా నున్నదని అన్న తమ్మునికి వ్రాసెను. అతడు తమ్మునికి వ్రాసిన లేఖలలో నేడు మనకు లభించుచున్న మొదటి లేఖ యదియే.

విన్సెంట్ చిత్రముల దుకాణమున గుమాస్తాగా నుండెను, ఉపాధ్యాయుడయ్యెను, మతబోధకుడయ్యెను. ఏ వృత్తియు నిలువలేదు. తుదకు 1880లో, ఇరువదియేడవ యేట, చిత్రకారుడు కావలెనని నిశ్చయించుకొనెను. అప్పటికి థియో పారిసు నగరమున చిత్రముల వర్తకశాలలో ఉద్యోగియై యుండెను. అతడు ధనవంతుడు కాడు. తన జీతములోనుండియే అన్నకు క్రమముగా ధనము పంపుచుండెను. రంగులును, చిత్రములు వ్రాయు గుడ్డయును సైతము పారిసునుండి పంపుచుండెను. విన్సెంట్ వ్రాసిన లేఖలు పెక్కు, అందిన ఉత్తరమునకును, అందులోని నోటునకును కృతజ్ఞత చెప్పుటతో మొదలగును. పిమ్మట తాను వ్రాయుచున్న చిత్రమును కాగితముపై చిన్నగా గీసి, ఎక్కడ ఏ రంగు వేసెనో వివరించును. పూచిన చెట్టు, పండిన చేను, పొలములో పాటుపడు రైతు, తానున్న గది—ఇవియే అతని వార్తలు. ధనమునకు బదులుగా తన చిత్రములను తమ్మునికి పంపెదనని 1884లో అతడు ఒక ఒడంబడిక చేసికొనెను. అందుచే ఇచ్చువాడెవడు, పుచ్చుకొనువాడెవడు అను భేదము వారి నడుమ నిలువకుండెను.

వారి నడుమ పొరపొచ్చెములు లేకపోలేదు. 1886 మొదలు రెండేండ్లు అన్నదమ్ములు పారిసులో ఒకే యింట నివసించిరి. ఆ కాలమున అన్నతో కాపురము దుర్భరముగా నున్నదని థియో తన చెల్లెలికి వ్రాసెను. అయినను విన్సెంట్ 1888 ఫిబ్రవరిలో దక్షిణమున నున్న ఆర్ల్ పట్టణమునకు వెడలిపోగానే లేఖలు మరల సాగినవి. కోపము లేఖల దారిని మూసివేయలేదు.

1889లో థియో జో అను యువతిని వివాహమాడెను. ఆ సంవత్సరమే విన్సెంట్ మనోవ్యాధి పీడితుడై సేన్ రెమీ యను చోట ఒక చికిత్సాలయమున చేరెను. 1890 జనవరి 31వ తేదీన థియో దంపతులకు కుమారుడు కలిగెను. ఆనాడే థియో అన్నకు ఆ శుభవార్త వ్రాసెను. బిడ్డకు నీ పేరే పెట్టుచున్నాము, నీ పట్టుదలయు ధైర్యమును వీనికి కలుగుగాక అని కోరెను. శిశువునకు తన తండ్రిగారి పేరు పెట్టియుండిన బాగుండెడిదని విన్సెంట్ తల్లికి వ్రాసెను గాని, అతని సంతోషమునకు మేర లేదు.

చికిత్సాలయమున నున్నవాడు మేనల్లుని వంటి ముద్దుబిడ్డకు, తమ్ముని కొడుకునకు, ఏమి యీయగలడు? ఆ దేశమున చలికాలము ముగియకమునుపే బాదము చెట్టు పూచును. నీలాకాశము వెనుక నుండగా తెల్లని పూలతో నిండిన బాదము కొమ్మలను విన్సెంట్ చిత్రించెను. దానిని తమ్ముని పడకగదిలో వ్రేలాడదీయవలెనని అతని కోరిక. ఆ పూల దినములలోనే వ్యాధి అతనిని మరల క్రుంగదీసెను. కోలుకొని మే నెలలో పారిసు వచ్చి తొలిసారి బిడ్డను చూచెను. నిదురించుచున్న శిశువును చూచుచు అన్నదమ్ము లిరువురును మౌనముగా కన్నీరు నించిరని జో వ్రాసియున్నది.

1890 జులై 29వ తేదీన విన్సెంట్ మరణించెను. ఆరు మాసములలోనే, 1891 జనవరి 25వ తేదీన, థియోయు కన్నుమూసెను. బిడ్డకు అప్పటికి ఇంకను ఏడాది నిండలేదు. విన్సెంట్ తనకు వ్రాసిన లేఖలను థియో భద్రముగా దాచియుంచెను. అవి 650కి పైగా నేటికిని నిలిచియున్నవి. జో వానిని 1914లో అచ్చు వేయించెను. ఆ బిడ్డ పెద్దవాడై పెదతండ్రి చిత్రములను లోకమునకు దక్కునట్లు చేసెను. 1973లో ఆంస్టర్డాం నగరమున వాన్ గో చిత్రశాల తెరువబడెను. బాదము పూలకొమ్మ నేడక్కడ నున్నది.

బాలలారా! నేడు దూరవాణిలో క్షణమున మాటలాడవచ్చును. కాని సాధనము సులభమైనంతమాత్రమున మనస్సులు దగ్గర కావు. థియో తన జీతములో భాగము నిచ్చెను. విన్సెంట్ తన చేతిపని నిచ్చెను. ఎవరికి కలిగినది వారిచ్చిరి. దూరముననున్న మీ అక్కకో అన్నకో ఏమి పంపుదమాయని చింతింపకుడు. పెరటి మామిడి పూతకు వచ్చినదని, అమ్మ పెట్టిన ఆవకాయ ఈ యేడు బాగుగా కుదిరినదని, తాతగారి దగ్గు తగ్గినదని వ్రాయుడు. ఇంటి వార్తకు మించిన కానుక లేదు.