తొట్టిలో తాబేలు



బి.యస్సీ. మొదటి సంవత్సరంలో నేను జువాలజీ రికార్డులో తాబేలు బొమ్మ వేశాను. పై డిప్ప కారపేస్, అడుగు డిప్ప ప్లాస్ట్రాన్ అని గీతలు గీసి పేర్లు రాశాను. వెన్నెముకా పక్కటెముకలూ పై డిప్పలో కలిసిపోయి ఉంటాయని కూడా రాశాను. మంచి మార్కులే వచ్చాయి. కాని సరిగ్గా ఆ రోజుల్లోనే మా ఇంట్లో ఒక తాబేలుకు డిప్ప మెత్తబడి చావుకు దగ్గరవుతూంటే నేను గుర్తుపట్టలేకపోయాను. ఆ సిగ్గే ఈ వ్యాసం రాయిస్తోంది.

మాది వ్యవసాయ కుటుంబం. ఓసారి పట్నం వెళ్లినప్పుడు మా చెల్లి మారాం చేస్తే పాత రూపాయి బిళ్లంత తాబేలు పిల్లను కొన్నాం. చెవుల దగ్గర ఎర్ర చార ఉంటుంది. దీన్ని రెడ్ ఇయర్డ్ స్లైడర్ అంటారు. అమెరికాలో మిసిసిపీ నదీ ప్రాంతం దీని పుట్టిల్లు. ఓ గాజు గిన్నె, గుప్పెడు రంగురాళ్లు, ఓ పొట్లం ఎండు రొయ్యలు ఇచ్చి, ఇంతకు మించి ఏమీ అక్కర్లేదన్నారు. ఎండ తగులుతుంది కదా అని ఆ గిన్నెను అద్దాల కిటికీ లోపల పెట్టింది నేనే.

నాలుగు నెలలయ్యేసరికి అది తిండి మానేసింది. కనురెప్పలు వాచి మూసుకుపోయాయి. అడుగు డిప్ప మీద వేలు పెడితే తడిసిన అట్టలా లొంగింది. "నోరు లేని జీవాన్ని తెచ్చి దాని ఉసురు పోసుకుంటున్నాం" అని అమ్మ కళ్లనీళ్లు పెట్టుకుంది. నాన్న దాన్ని అరచేతిలో పెట్టుకుని చూశాడు.

"ఏరా, చీకటి కొట్టంలో కట్టేసిన దూడ కాళ్లు ఎట్లా వంకరపోతాయో నీకు తెలీదూ? దీనికి ఎండ చాల్లేదు."

"కిటికీ దగ్గరే ఉంది కదా నాన్నా, రోజూ ఎండ పడుతూనే ఉంది" అన్నాను. మర్నాడు కాలేజీలో మేడమ్ గారికి చెబితే ఆవిడ ఒకే ఒక ప్రశ్న అడిగారు: "అద్దానికి లోపలా, బయటా?"

అసలు సంగతి అక్కడే ఉంది. ఎముకకూ డిప్పకూ కాల్షియం కావాలి. తిన్న కాల్షియం ఒంటబట్టాలంటే విటమిన్ డి3 కావాలి. ఎండలోని అతినీలలోహిత కిరణాల్లో యు.వి.బి. అనే భాగం చర్మం మీద పడితేనే ఇలాంటి తాబేళ్లలో ఆ విటమిన్ తయారవుతుంది. అద్దం వెలుతురును లోపలికి పంపుతుంది గాని, యు.వి.బి.ని దాదాపు పూర్తిగా ఆపేస్తుంది. ఎండుతున్నట్టే కనిపించిన మా తాబేలు నిజానికి చీకటి కొట్టంలో దూడే! కాల్షియం చాలనప్పుడు శరీరం తన ఎముకల్లోంచే దాన్ని లాక్కుంటుంది. అందుకే డిప్ప మెత్తబడుతుంది. కనురెప్పలు వాయడం ఎక్కువగా విటమిన్ ఎ లోపం వల్ల. ఎండు రొయ్యలే తిండి అయితే ఈ రెండు లోపాలూ తప్పవు.

రెండో సంగతి వేడి. సరీసృపాలను శీతరక్త జంతువులు అంటాం. వాటి రక్తం చల్లగా ఉంటుందని కాదు, ఒంటి వేడిని బయటి నుంచే తెచ్చుకోవాలని దాని అర్థం. వెచ్చదనం లేకపోతే తిన్నది అరగదు, రోగాన్ని తట్టుకునే శక్తి తగ్గుతుంది. కాబట్టి ఈ తాబేలుకు నీళ్లు 24 నుంచి 28 డిగ్రీల సెంటీగ్రేడు దాకా ఉండాలి. పైకెక్కి పూర్తిగా ఆరేందుకు 32 డిగ్రీలుండే మెట్ట కూడా ఉండాలి. ఎండ మరీ ఎక్కువైతే తప్పుకోవడానికి నీడ కావాలి. ఎండలో పెట్టిన చిన్న గాజు గిన్నె కాసేపటికే కాగిపోతుంది. అదీ ప్రమాదమే.

పశువుల డాక్టరు గారు దాన్ని తూకం వేసి, ఆ బరువును బట్టి కాల్షియం, విటమిన్ మందులిచ్చారు. విటమిన్ ఎక్కువైనా విషమేననీ, సొంత వైద్యం వద్దనీ గట్టిగా చెప్పారు. నాన్న దొడ్లో వాడకుండా ఉన్న పాత కుడితి తొట్టిని శుభ్రంగా కడిగి, ఓ మూల ఇటుకలతో మెట్ట కట్టాడు. సగం మీద తాటాకులు వేసి, కాకులూ పిల్లులూ రాకుండా ఇనప జల్లి కప్పాడు. డిప్ప గట్టిపడటానికి నెలలు పట్టింది. ఇప్పటికీ ఒక అంచు వంకరగానే ఉంది. ఆ వంకర ఇక పోదు.

ఇప్పటికే ఇలాంటిదాన్ని పెంచుతున్నవారు ఈ కిందివి గమనించగలరు.

తిండి: ఇది నీళ్లలోనే మింగగలదు. పిల్లలకు వానపాములు, ముల్లుతో సహా చిన్న చేపలు, మంచి మేత గుళికలు పెట్టాలి. పెద్దయ్యే కొద్దీ ఆకులు పెంచాలి. పశువులకు పెంచే అజొల్లాను మాది ఇష్టంగా తింటుంది. సముద్రపు నురుగు ముక్క ఒకటి నీళ్లలో వేస్తే కొరుక్కుంటుంది. అన్నం మెతుకులు వద్దు.

నీళ్లు: డిప్ప పొడవుకు రెండింతల లోతైనా ఉండాలి. మిగిలిన తిండి వెంటనే తీసేసి, తరచుగా నీళ్లు మార్చాలి.

దీపం: ఎండ రాని ఇళ్లలో యు.వి.బి. దీపం తప్పదు. మామూలు బల్బు వేడినిస్తుంది గాని ఆ కిరణాలనివ్వదు.

రోగ లక్షణాలు: ముక్కు దగ్గర బుడగలు, నోరు తెరిచి ఊపిరి తీయడం, ఒక పక్కకు ఒరిగి ఈదడం ఊపిరితిత్తుల జబ్బుకు గుర్తులు. ఆలస్యం చేయరాదు.

మన ఆరోగ్యం: పైకి ఆరోగ్యంగా కనిపించే తాబేలు మీద కూడా సాల్మొనెల్లా బాక్టీరియా ఉండవచ్చు. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడగాలి, తొట్టి నీళ్లు వంటింట్లో పోయరాదు. ఈ కారణంగానే అమెరికాలో నాలుగు అంగుళాల లోపు తాబేళ్ల అమ్మకాన్ని 1975లో నిషేధించారు.

మొన్న సంక్రాంతికి ఇంటికి వెళితే చెల్లి, "అన్నయ్యా, పాపం దీన్ని మన చెరువులో వదిలేద్దామా?" అంది. జాలితో అన్న మాటే. కాని ప్రపంచంలో అత్యంత హాని చేసే 100 పరాయి జీవుల జాబితాలో ఈ తాబేలు కూడా ఉంది. మన చెరువు తాబేళ్ల తిండికీ, చోటుకూ పోటీకి వస్తుంది. వరిలో కలుపు ఎంత పచ్చగా ఉన్నా కలుపే గదా! అందుకని వదల్లేదు. పోనీ మన నక్షత్ర తాబేలును పెంచుదామా అంటే అదీ కుదరదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నక్షత్ర తాబేలునూ, ఉడుమునూ పట్టి ఇంట్లో ఉంచుకోవడం నేరం.

ఆడదైతే ఇది పది అంగుళాల దాకా పెరుగుతుంది. సరిగ్గా చూస్తే ఇరవై, ముప్పై ఏళ్లు బతుకుతుంది. అంటే మా చెల్లి పెళ్లయి వెళ్లిపోయినా ఆ కుడితి తొట్టి మాకు తప్పదు. ఇది తెలిసి ఉంటే ఆనాడు కొనేవాళ్లం కాదు. కొన్నాం కనుక, దాని ఎండా నీడా ఇక మా బాధ్యతే.

రికార్డులో బొమ్మ వేసే ప్రతి మిత్రునికీ నా మనవి ఒక్కటే. కొనేముందు ఆ జీవం పూర్తి వయసెంత, దానికి ఎండ ఎక్కణ్ణుంచి తెస్తాం అని లెక్క వేసుకోండి. జవాబు దొరక్కపోతే, గోడ మీద బల్లిని చూసి సంతోషించండి. దాని ఎండను అదే వెతుక్కుంటుంది.