ముంజేతిపై డేగ

ఉద్దేశం: భయానికి మూలం అపరిచయమనీ, ప్రాణిని ప్రేమించడమంటే దానిని సొంతం చేసుకోవడం కాదనీ విద్యార్థులకు తెలియజేయడం.

పాఠ్యభాగం

వేటపక్షుల పట్ల మన సమాజంలో గౌరవమూ భయమూ పెనవేసుకొని ఉన్నాయి. శిబి చక్రవర్తిని పరీక్షించడానికి ఇంద్రుడు డేగ రూపం ధరించాడు. సీతాదేవిని కాపాడబోయి జటాయువు ప్రాణాలర్పించాడు. అయినా ఇంటి కప్పు మీద గూబ కూస్తే కీడు తప్పదని నమ్మేవారు నేటికీ ఉన్నారు. వారిలో ఎక్కువమంది ఆ పక్షిని దగ్గరగా చూసి ఎరుగరు.

డేగను మచ్చిక చేసి వేటాడే విద్య మనకు కొత్త కాదు. 12వ శతాబ్దిలో కల్యాణి చాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుడు తన ‘మానసోల్లాసం’లో దీనిని రాజవినోదాలలో ఒకటిగా వర్ణించాడు. రాజులకే దక్కిన ఆ దృశ్యాన్ని సామాన్యుల చెంతకు తెచ్చిన కేంద్రాలు ఇరవయ్యవ శతాబ్దిలో వెలిశాయి. వాటిలో పేరెన్నికగన్నది ఇంగ్లాండులోని గ్లాస్టర్‌షైర్‌లో, న్యూఎంట్ వద్ద 1967లో ఫిలిప్ గ్లేజియర్ ప్రారంభించిన కేంద్రం. తరువాత ఆయన కుమార్తె జెమీమా ప్యారీ-జోన్స్ నిర్వహణలో అది వేటపక్షుల అంతర్జాతీయ కేంద్రంగా ప్రసిద్ధి పొందింది.

ఇటువంటి కేంద్రాలలో సందర్శకుడు మొదట నేర్చుకునేది నిశ్శబ్దం. ఎడమ చేతికి మందపాటి తోలు తొడుగు వేసుకొని, వేళ్ల సందున చిన్న మాంసపు తునకను పట్టుకొని కదలకుండా నిలబడాలి. దూరాన స్తంభం మీద ఉన్న హారిస్ డేగ నేలను రాసుకుంటున్నట్లు తక్కువ ఎత్తున ఎగిరి వచ్చి, చివరి క్షణంలో పైకి లేచి ముంజేతిపై వాలుతుంది. గోళ్ల పట్టు తోలు మీదుగా తెలుస్తుంది. పక్షి తనపై ప్రేమతో వచ్చిందని సందర్శకుడు మురిసిపోతాడు. శిక్షకుడు ఆ భ్రమను సున్నితంగా తొలగిస్తాడు. ఆకలి, అలవాటు, ఈ చేయి అపాయం తలపెట్టదన్న నమ్మకం: ఈ మూడే దానిని రప్పిస్తాయి. అందుకే ఎగరవేసే ముందు పక్షిని తూకం వేస్తారు. అది రాకూడదనుకుంటే చెట్టు మీదనే కూర్చుంటుంది. అప్పుడు మనుషులే వేచి ఉండాలి.

గూబతో కలిగే అనుభవం మరింత ఆశ్చర్యకరం. తెల్లని హృదయాకారపు ముఖం గల బార్న్ గూబ చూపులకు పెద్దదే. చేతిపై వాలినప్పుడు మాత్రం దాని బరువు సుమారు మూడు వందల గ్రాములేనని తెలుస్తుంది. ఈకల అంచున ఉండే కుచ్చు వంటి పోగులు గాలి చప్పుడును అణచివేయడం వల్ల అది చెవి పక్కగా ఎగిరినా వినబడదు. కనుగుడ్లు కదలవు గనుక మెడను తిప్పుతుంది. మన మెడలో ఏడు వెన్నుపూసలుంటే గూబకు పద్నాలుగు ఉంటాయి. ఒక చెవి ఎగువన, ఒకటి దిగువన ఉండడం చేత చీకటిలో ఎలుక అలికిడి ఎక్కడిదో పసిగట్టగలదు. అపశకునమని భయపడిన ప్రతి లక్షణమూ జీవనోపాయమేనని సందర్శకుడు గ్రహిస్తాడు.

రాబందును చూసి మొదట ముఖం చిట్లించేవారు కూడా దాని కథ విని మౌనం వహిస్తారు. పశువులకు వాడిన డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు కళేబరాల ద్వారా రాబందుల మూత్రపిండాలను నాశనం చేసింది. 1992, 2007 సంవత్సరాల మధ్య మన దేశంలో తెల్లవీపు రాబందుల సంఖ్య 99 శాతానికి పైగా క్షీణించింది. 2006లో పశువైద్యంలో ఆ మందును నిషేధించారు. హర్యానాలోని పింజోర్‌లో సాగుతున్న రాబందుల పునరుత్పత్తి కృషికి న్యూఎంట్ కేంద్రం తన అనుభవాన్ని అందించింది. వినోదం కోసం వచ్చినవారి ముందు ప్రదర్శించిన విద్య ఇలా ఒక జాతి మనుగడకు తోడ్పడింది.

అయితే ఈ సాన్నిహిత్యానికి హద్దు ఉండాలి. రోజంతా పదిమంది చేతులు నిమిరితే గూబకు అది వేదనే. పగలు విశ్రాంతి దానికి అవసరం. హారీ పోటర్ కథలు చూసి గూబను పెంచుకోవాలని ముచ్చటపడేవారి వల్ల కూడా వాటి అక్రమ వ్యాపారం పెరుగుతోందని 2010లో నాటి కేంద్ర పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ ఆవేదన వ్యక్తం చేశారు. క్షుద్రపూజల కోసం గూబలను చంపడం అంతకంటే దారుణం. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం వాటిని పట్టడం, అమ్మడం నేరాలు.

కాబట్టి గూబను ఇంటికి తెచ్చుకోనక్కరలేదు. పాత గుడి గోపురంలో, ఊరి చివర చెట్టు తొర్రలో అది ఉండనే ఉంటుంది. పొలంలో ఎలుకలను పట్టే గూబ రైతుకు జీతమడగని కావలివాడు. దాని కూత విన్న రాత్రి తలుపు మూసుకోకుండా, ఒక్క క్షణం ఆగి ఆలకించగలిగిన నాడు మనమూ మంచి సందర్శకులమే.

కఠిన పదాలు – అర్థాలు

ముంజేయి = మోచేతికి, మణికట్టుకు నడుమ భాగం
అలికిడి = చిన్న చప్పుడు
కళేబరం = ప్రాణం పోయిన శరీరం
మనుగడ = జీవనం, ఉనికి

ప్రశ్నలు

1. డేగ సందర్శకుని చేతిపై వాలడానికి గల కారణాలేవి?
2. గూబ శరీర నిర్మాణంలోని ప్రత్యేకతలను వివరించండి.
3. ‘ప్రేమించడం వేరు, సొంతం చేసుకోవడం వేరు’ – పాఠం ఆధారంగా చర్చించండి.