పరిచారకుల మనస్స్వాస్థ్యము – స్మృతిసాధన

చికిత్సకు పాదములు నాలుగని చరకసంహిత చెప్పుచున్నది. అవి వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. వీనిలో ఏ యొక్కటి కుంటువడినను చికిత్స సాగదు. రోగికి పథ్యమును విశ్రాంతియు కావలెనని అందరెరుగుదురు. రేయింబవళ్లు అతనిని కనిపెట్టుకొని యుండు పరిచారకుని మనస్సునకు గూడ పోషణ కావలెనని తలచువారు అరుదు.

అనంతపురసీమ కనుమల వర్షచ్ఛాయలో నున్న మెట్టభూమి. ఇచ్చట సగటు వర్షపాతము ఏటికి సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. వేరుశనగ పైరు ఎండిన యేట పనిచేయగలవారు బెంగుళూరు మొదలగు పట్టణములకు వలసపోవుదురు. వృద్ధులును పసిపిల్లలును ఊరనే మిగులుదురు. వారి భారము ఇంటనున్న కోడలిపైనను, అంగన్‌వాడీ, ఆశా కార్యకర్తలపైనను పడును. 1975లో అంగన్‌వాడీలును, 2005లో మొదలైన గ్రామీణ ఆరోగ్య మిషన్ వలన ఆశాలును ఏర్పడిరి. వీరు గౌరవవేతనముపై పనిచేయువారు. 1969లో అనంతపురమున విన్సెంట్ ఫెర్రర్ స్థాపించిన గ్రామీణాభివృద్ధి సంస్థ (ఆర్.డి.టి.) బత్తలపల్లిలో ఆసుపత్రిని నడుపుచున్నది. 2020లో కోవిడ్ ప్రబలినపుడు అది ఆ రోగులకు చికిత్సాస్థానమైనది. అట్టి దినములలో పరులను కాపాడినవారి మనస్సు ఎంత నలిగియుండునో యోచింపదగును.

గీతారంభమున అర్జునుని స్థితి యిట్టిదే. అతనిని ఆవరించినది క్రౌర్యము గాదు, కృప. అయినను అవయవములు సడలినవి, నోరెండినది, గాండీవము చేజారినది. తనను ముంచివేయు జాలి ఎదుటివానికి ఉపకరింపదని దీనివలన తెలియును. భక్తుని లక్షణములలో భగవానుడు చెప్పిన కరుణ వేరు. అది దుఃఖమును చూచును గాని దుఃఖములో మునుగదు. ఈ భేదమును నిలుపునదే స్మృతి.

స్మృతి యనగా ఇచ్చట గతమును తలచుకొనుట గాదు. ప్రస్తుతమున జరుగుచున్నదానిని మరువక, తొట్రుపడక గమనించుట. పాలీలో దీనినే 'సతి' యందురు. బౌద్ధులు దీనిని విశేషముగ సాధన చేసిరి. 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్యకళాశాలలో జాన్ కబాట్-జిన్ ఈ సాధనను రోగులకు నేర్పనారంభించెను. తరువాత ఇది నర్సులకును వైద్యులకును గూడ వ్యాపించినది.

సాధనకు వేరు గది అక్కరలేదు. రోగిని తాకుటకు ముందు చేతులు కడుగునపుడు నీటి చల్లదనమును గమనించుచు మూడు శ్వాసలు నెమ్మదిగ విడువవలెను. గడప దాటునపుడు పాదములు నేలను తాకుటను, బిగిసిన భుజములను ఎరిగి సడలింపవలెను. కోపము గాని భయము గాని కలిగినచో దానిని నిందింపక "ఇది కోపము", "ఇది భయము" అని గుర్తింపవలెను. రోగి మరణించినచో వెంటనే మరియొక పనికి పరుగిడక, తోటివారితో కలిసి ఒక నిమిషము మౌనముగ నిలువవలెను. వైష్ణవులు శ్వాసతో గోవిందనామమును కూర్చుకొనవచ్చును. ఇతరులకు శ్వాస చాలును. మనస్సు మరల మరల చలించును. అభ్యాసమే దానికి ఉపాయమని గీత ఆరవ అధ్యాయము తెలుపుచున్నది.

ఆ అధ్యాయమే మరియొక నియమమును విధించినది. మితాహారము, మితనిద్ర, మితచేష్ట లేనివానికి యోగము సిద్ధింపదు. కావున నిద్రకు, భోజనమునకు తీరిక యివ్వక, వేతనము సకాలమున చెల్లింపక, "ధ్యానము చేసికొనుడు" అని పరిచారకులకు బోధించుట శాస్త్రసమ్మతము గాదు. పనిచోట తీరని ఒత్తిడి వలన కలుగు అలసటను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో రోగముగ గాక, వృత్తిసంబంధమైన స్థితిగ పేర్కొనెను. దోషము పని యేర్పాటులో నున్నపుడు చికిత్స పనివాని శ్వాసకు మాత్రమే చేసిన చాలదు. నిద్రలేమియు నిరాశయు విడువక పీడించినచో వైద్యుని చూడవలెను. 2022లో ప్రారంభమైన టెలి-మానస్ 14416 సంఖ్యపై ఉచితముగ సలహా లభించును.

గృహస్థులకు దీనివలన ఒక ధర్మమేర్పడుచున్నది. ఇంట మంచము పట్టిన పెద్దకు సేవచేయు స్త్రీకి వారమున ఒక పూటయైనను ఇతరులు ఆ భారమును పంచుకొని విశ్రాంతి కల్పింపవలెను. ఆశా కార్యకర్త గుమ్మమునకు వచ్చినపుడు కూర్చుండబెట్టి మంచినీరీయవలెను. కైంకర్యమును మెచ్చుకొనుట సులభము. కైంకర్యము చేయువారిని కాపాడుటయు కైంకర్యమే.