కంపల మధ్య ఖాళీ

పాపా,

వద్దు. కడప జిల్లా లంకమల కంప అడవిలో మొక్కలు నాటొద్దు. మీ కాలేజీవాళ్లు చెరువుగట్టున నాటితే నేనే వచ్చి నీళ్లు పోస్తా. "కలివికోడి కోసమే కదా పెదనాన్నా, అడవి పెంచితే తప్పేంటి?" అని రాశావు. తప్పే. ఆ తప్పు నీకన్నా ముందు నేను చేశాను.

నీ వయసులో నాకూ కంపల మధ్య ఎర్రనేల ఖాళీగా కనబడితే చెయ్యి ఊరుకునేది కాదు. నలుగురం చేరి గుంతలు తీసి వరసగా కానుగ మొక్కలు పెట్టాం. రెండో ఏటికి మోకాలు దాటాయి. మురిసిపోతూ నిలబడ్డాం. గొర్రెలు తోలుకుంటూ వచ్చిన ఒక తాత ఆగి, "పిట్ట పరిగెత్తే జాగా మూసేస్తిరే నాయనా" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ చెవిలోనే ఉంది. ఆ పిట్టే కలివికోడి. చీకటిపడ్డాక అది పరిగెత్తి పురుగులేరుకునేది ఆ ఖాళీలోనే. దాక్కోవడానికి కలివి, రేగు పొదలు కావాలి. పొదలు నరికినా పోతుంది, ఖాళీ నిండినా పోతుంది. ఆ నేలను "బీడు" అని రాశావు చూడు, ఇంకోసారి రాశావంటే ఊరుకోను. అది దాని ఇల్లు.

కనబడని పిట్టకు కాపలా ఎందుకన్నావు. 1848లో ప్రకృతి పరిశోధకుడు జెర్డన్ ద్వారా దాని సంగతి లోకానికి తెలిసింది. 1900 తర్వాత ఇక లేదనుకున్నారు. 1986లో పక్షుల పరిశోధకుడు భరత్ భూషణ్ పల్లెపల్లెకూ వెళ్లి అడిగితే కడప జిల్లా రెడ్డిపల్లె దగ్గర దొరికింది. పట్టుకున్నది ఊరి వేటగాడే. పాపం, ఆ పిట్ట బతకలేదు. కానీ దానివల్లే ఆ కంప అడవి అభయారణ్యమైంది, అటుగా రావలసిన తెలుగుగంగ కాలువ దారి మళ్లింది. పుస్తకాలు 86 ఏళ్లు చేతులెత్తేసినా కంపలు మిగిలాయి కాబట్టే పిట్ట మిగిలింది.

నిజంగా పని చేయాలనుంటే అటవీశాఖ అనుమతి తీసుకో. పిట్ట అడుగులు పడేలా జల్లెడపట్టిన సన్నమట్టి బాటమీద పలచగా పరిచి, తెల్లారగానే వెళ్లి వంగి చూడు. కౌజుపిట్ట అడుగులో వెనకవేలి గుర్తు పడుతుంది. కలివికోడికి వెనకవేలే లేదు, ముందు మూడే. అలాంటి అడుగు కనబడిందని గంతులెయ్యకు, కొలిచి, ఫొటో తీసి, తెలిసినవాళ్లకు చూపించు. దాని కూత ఫోన్లో పదేపదే వినిపించి పిలవకు, బెదిరిపోతుంది.

ఇవన్నీ తర్వాత. మొదటిరోజు గొర్రెల వెంట నడువు. నోటుపుస్తకం సంచిలోనే ఉంచి, ఆ కాపరి ఏం చెబుతాడో విను. నేను విన్నది గుంతలు తీశాక. నువ్వు ముందే విను.

మీ పెదనాన్న