ఏసీ మెకానిక్: లోపం పట్టేవాడికే గిరాకీ

ఏప్రిల్ వచ్చిందంటే ఏసీ మెకానిక్ ఫోన్‌కు తీరిక ఉండదు. ఆగస్టుకల్లా అదే ఫోన్ మోగడం మానేస్తుంది. పని వచ్చినా ఏడాదంతా ఇల్లు గడవక ఈ వృత్తి వదిలేసినవాళ్లున్నారు. ఇదే వృత్తితో మరో నలుగురికి పని చూపిస్తున్నవాళ్లూ ఉన్నారు. పదో తరగతి అయ్యాక ఐటీఐ వైపు చూస్తున్నవాళ్లు, డిగ్రీ చేతిలో ఉన్నా కొలువు దొరక్క చేతిపని నేర్చుకుందామనుకుంటున్నవాళ్లు ఈ తేడా ఎక్కడుందో ముందే తెలుసుకోవాలి.

మారిందేమిటి?

ఒకప్పుడు ఇంటి ఏసీ అంటే ఆర్-22 గ్యాస్, ఒకే వేగంతో తిరిగే కంప్రెసర్. స్టార్ట్ కాకపోతే కెపాసిటర్ మార్చడం, చల్లదనం తగ్గితే గ్యాస్ కొట్టడం వస్తే చాలు, సీజన్ గడిచిపోయేది. ఓజోన్ పొరకు హాని చేసే ఆర్-22ను మాంట్రియల్ ఒప్పందం ప్రకారం మన దేశం దశలవారీగా తప్పిస్తోంది. దానికి 2030 గడువు. ఇప్పుడు ఎక్కువగా వస్తున్న ఆర్-32కు కొద్దిగా మండే స్వభావం ఉంది. కొన్ని మోడళ్లలో వాడే ఆర్-290 అయితే అచ్చంగా ప్రొపేనే. మాంట్రియల్ ఒప్పందానికి చేసిన కిగాలి సవరణను భారత్ 2021లో ఆమోదించింది కాబట్టి ఆర్-32 కుటుంబానికి చెందిన గ్యాస్‌ల వాడకాన్నీ 2032 నుంచి తగ్గించుకుంటూ రావాలి. అంటే ఈ ఏడాది ఐటీఐలో చేరే కుర్రాడు కనీసం ఇంకో మార్పు చూడక తప్పదు.

మరోపక్క కంప్రెసర్ వేగాన్ని మార్చుకునే ఇన్వర్టర్ ఏసీలు వచ్చి రిపేరులో చాలా పనిని పీసీబీ (సర్క్యూట్ బోర్డు) మీదికి తెచ్చాయి. సర్వీసింగ్‌కు, వాషింగ్‌కు యాప్‌లు ముందే రేటు కట్టేస్తున్నాయి. అందరూ చేయగలిగే పనికి రేటు యాప్ చెబుతుంది. లోపం ఎక్కడుందో పట్టుకునే పనికి రేటు మెకానిక్ చెప్పుకోవచ్చు. ఈ వృత్తిలో నిలబడాలంటే రెండో రకం పని నేర్చుకోవాలి.

‘గ్యాస్ అయిపోయింది బాబూ’

ఫోన్ చేసినవాళ్లలో చాలామంది చెప్పేది ఇదే. కానీ ఏసీలో గ్యాస్ ఖర్చయ్యేది కాదు. పైపుల్లో తిరుగుతూనే ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీకైనట్టే. లీకు పట్టకుండా గ్యాస్ కొట్టి డబ్బు తీసుకుంటే నెల తిరక్కుండా మళ్లీ ఫోన్ వస్తుంది. అప్పుడు డబ్బు రాదు, పేరూ పోతుంది.

పని తెలిసినవాడు గేజ్ తగిలించే ముందే ఫిల్టర్, లోపలి కాయిల్, అవుట్‌డోర్ ఫ్యాన్ చూస్తాడు. చాలా ‘గ్యాస్’ ఫిర్యాదులు అక్కడే తేలిపోతాయి. నిజంగా లీకే అయితే నైట్రోజన్ ఎక్కించి, జాయింట్ల దగ్గర సబ్బు నురగ రాసి బుడగల కోసం చూస్తాడు. నైట్రోజన్ బదులు ఆక్సిజన్ వాడితే కంప్రెసర్ ఆయిల్‌తో కలిసి పేలే ప్రమాదం ఉంది. లీకైన ఫ్లేర్ జాయింట్ మళ్లీ కట్టి, వ్యాక్యూమ్ పంపుతో గాలి, తేమ లాగేసి, నేమ్‌ప్లేట్ మీద రాసినన్ని గ్రాముల గ్యాస్‌ను కాటా పెట్టి నింపుతాడు.

ఇన్వర్టర్ ఏసీలోనూ ఇంతే. ఎర్రర్ కోడ్ చూడగానే బోర్డు మార్చాలనడం తేలిక. మీటర్‌తో కొలిస్తే ఒక్కోసారి లోపం చిన్న సెన్సర్‌లోనే ఉంటుంది. కరెంటు తీసేసినా బోర్డు మీది కెపాసిటర్లలో కాసేపు ప్రాణం తీసేంత వోల్టేజీ నిలిచి ఉంటుంది. ఆగి, కొలిచి చూసుకున్నాకే చెయ్యి పెట్టాలి.

చేరే దారి

ఐటీఐలో రిఫ్రిజరేషన్ అండ్ ఎయిర్ కండిషనింగ్ టెక్నీషియన్ ట్రేడ్ రెండేళ్లు. పదో తరగతి పాసైతే చాలు. తర్వాత స్టైపెండ్‌తో అప్రెంటిస్‌షిప్ చేయొచ్చు. చదువు మీద ఆసక్తి ఉంటే లాటరల్ ఎంట్రీతో డిప్లొమా రెండో ఏడాదిలో చేరొచ్చు. ఫ్యాక్టరీ కొలువు కావాలనుకుంటే డైకిన్, బ్లూస్టార్ ప్లాంట్లు శ్రీసిటీలోనే ఉన్నాయి.

గల్ఫ్ ఆలోచన ఉంటే తెలంగాణ వాళ్లు ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్‌ను ముందు అడగాలి. ప్రైవేటు ఏజెంటు దగ్గరికి వెళ్తే అతని లైసెన్సు నంబరు ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉందో లేదో చూసుకున్నాకే పాస్‌పోర్టు చేతికివ్వాలి.

లెక్క రాకపోతే పని వచ్చినా దండగే

ఒక కాల్‌కు రూ.1,500 వచ్చిందనుకుందాం. అందులో సామాను రూ.500, పెట్రోలు రూ.100, హెల్పర్ కూలి రూ.300 పోతే మిగిలేది రూ.600. అదే పనికి మళ్లీ ఉత్తినే వెళ్లాల్సొస్తే అందులోంచి ఇంకో పెట్రోలు, ఇంకో కూలి పోయి చేతికి వచ్చేది రూ.200. పనిమంతుడి లాభం రెండోసారి వెళ్లక్కర్లేకపోవడంలోనే ఉంది.

అందుకే ఒక్కో ఇంటికి ఒక్కో పేజీ పెట్టండి. తేదీ, మోడల్, మార్చిన సామాను, నింపిన గ్యాస్ రాసుకోండి. ఏసీలన్నిటికీ ఒకేసారి గిరాకీ రాకముందే, జనవరి, ఫిబ్రవరిలో ఆ పేజీలు తిరగేసి పాత కస్టమర్లకు ఫోన్ చేయండి. వానాకాలం, చలికాలం గడవాలంటే క్లినిక్కులు, మెడికల్ షాపులు, స్వీట్ షాపులు, ఏటీఎంలతో ఏడాది కాంట్రాక్టులు చూసుకోవాలి. వాటికి చల్లదనం పన్నెండు నెలలూ కావాలి. గుంటూరు చుట్టుపక్కల మిర్చి కోల్డ్ స్టోరేజీలు, భీమవరం వైపు రొయ్యల ప్లాంట్లు కూడా పని చూపిస్తాయి. అయితే పెద్ద ప్లాంట్లలో అమ్మోనియా వాడతారు కాబట్టి దానికి వేరే శిక్షణ తప్పనిసరి.

పనిముట్లకు వడ్డీ వ్యాపారి గడప తొక్కనక్కర్లేదు. ముద్ర పథకంలో శిశు విభాగం కింద రూ.50 వేల వరకు, కిశోర్ కింద రూ.5 లక్షల వరకు పూచీకత్తు లేకుండా బ్యాంకు రుణం అడగొచ్చు. చిన్న వ్యాపారంగా నమోదయ్యేందుకు చేసుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం. దానికి డబ్బు అడిగేవాళ్లను నమ్మొద్దు.

చేరేముందు అడగండి

ఐటీఐ అయినా, మేస్త్రీ షాపు అయినా మూడు మాటలు అడగండి. ఇక్కడ వ్యాక్యూమ్ పంపు, కాటా రోజూ వాడతారా? విప్పి నేర్చుకోవడానికి ఇన్వర్టర్ ఏసీ ఉందా? లోపం ఎలా పట్టారో పనయ్యాక నాకు చెబుతారా? మూడోదానికి అవునన్న చోట జీతం కాస్త తక్కువైనా మొదటి రెండేళ్లు అక్కడే పనిచేయండి.