చిక్కటి ఆయిలే మంచిదా?

"మన ఎండలకి 20డబ్ల్యూ-50 పొయ్యండి సార్, ఇంజను పదికాలాలు ఉంటుంది" అన్నాడు మెకానిక్. నాన్న సరే అనబోతుంటే నేను అడ్డుపడ్డాను. మా కారు మాన్యువల్లో ఉన్నది 5డబ్ల్యూ-30.

డబ్ల్యూ అంటే వింటర్. ముందున్న 5, చలిలో ఆయిల్ ఎంత తేలిగ్గా కదులుతుందో చెబుతుంది. వెనకున్న 30, 100 డిగ్రీల దగ్గర చిక్కదనం: 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్స్ లోపు. 50 అయితే కనీసం 16.3.

బయట 45 డిగ్రీలున్నా, థర్మోస్టాట్ కూలెంట్‌ని 90 డిగ్రీల దరిదాపుల్లోనే ఉంచుతుంది. పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు చిక్కటి ఆయిల్ పైదాకా ఎక్కడానికి ఆలస్యమవుతుంది, అరుగుదల ఎక్కువయ్యేది అప్పుడే. పైగా మైలేజీ తగ్గుతుంది.

కాబట్టి మిత్రులారా, ఎండని కాదు, మాన్యువల్ని చూడండి. బైకులో మాత్రం కారు ఆయిల్ పొయ్యకండి: చాలా బైకుల్లో క్లచ్ ఆ ఆయిల్లోనే మునిగి ఉంటుంది, జారిపోవచ్చు.