పురిటి నొప్పులు: మీ సందేహాలు - సమాధానాలు

ప్రశ్న: తొలి కాన్పుకు పుట్టింటికొచ్చాను. ఎనిమిదో నెల. తిరుపతి ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రిలో చూపించుకుంటున్నాను. నొప్పులు తట్టుకోలేనేమోనని రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు.
– ఒక సోదరి, చంద్రగిరి

జవాబు: తొలిచూలు వాళ్లందరికీ ఉండే భయమే ఇది, దిగులుపడకండి. పురిటి నొప్పి ఏకధాటిగా ఉండదు. నిమిషం, నిమిషంన్నర ఉండి సడలుతుంది, మధ్యలో మీకు తెరిపి దొరుకుతుంది. నొప్పి మొదలవగానే నోటితో మెల్లగా ఊపిరి వదులుతూ ఉన్నా, మీ అమ్మగారు అరచేతితో నడుము కింద గట్టిగా అదిమి పట్టినా ఎంతో హాయిగా ఉంటుంది. 2017లో మొదలైన కేంద్ర ప్రభుత్వ ‘లక్ష్య’ కార్యక్రమం కాన్పు గదిలో తోడు ఉండటాన్ని ప్రోత్సహిస్తోంది కాబట్టి ఈసారి చెకప్‌లోనే ఆ మాట అడగండి. నొప్పికీ నొప్పికీ మధ్య కడుపు రాయిలా బిగుసుకుపోయినా, రక్తం పోయినా, ఉమ్మనీరు పచ్చగా కనిపించినా, బిడ్డ కదలిక తగ్గినా ఆగకుండా 108కి ఫోన్ చేయండి.

ప్రశ్న: నడుముకు ఇంజెక్షన్ చేయించుకుంటే జీవితాంతం నడుము నొప్పేనంటున్నారు. నిజమా?
– ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: నిజం కాదు, ధైర్యంగా ఉండండి. ఎపిడ్యూరల్ అనే ఈ పద్ధతిలో వెన్నుపాము ముగిసిన చోటుకు కిందుగా సూది వేసి, సన్నటి మెత్తని గొట్టం ఉంచి, సూది తీసేస్తారు. సుమారు 20 నిమిషాల్లో నొప్పి బాగా తగ్గుతుంది. గుచ్చిన చోట కొద్దిరోజులు సలుపు, అప్పటికి కాళ్లు బరువెక్కడం, కాస్త వణుకు మామూలే. ముక్కే సమయం కొంత పెరగొచ్చు గానీ దీనివల్ల పెద్దాపరేషన్ అవసరం పెరగదు. రక్తం పలుచబడే మందులు వాడుతున్నా, ప్లేట్‌లెట్లు తక్కువున్నా మత్తు డాక్టరుకు ముందే చెప్పండి. కాన్పు తర్వాత లేచి కూర్చుంటే తల పగిలిపోతున్నా, మర్నాటికీ కాళ్లలో పట్టు రాకపోయినా, నడుము నొప్పితో జ్వరమొచ్చినా వెంటనే చూపించుకోవాలి.

ప్రశ్న: నొప్పి తగ్గే ఇంజెక్షన్ ఇస్తే బిడ్డ మత్తుగా పుడుతుందా?
– ఒక అమ్మ, శ్రీకాళహస్తి

జవాబు: బిడ్డ గురించి మీ ఆరాటం అర్థమైంది. పెథిడిన్ లాంటి మందు కొంత బిడ్డకూ చేరుతుంది, అందుకే కాన్పు మరీ దగ్గరపడితే ఇవ్వరు. బిడ్డ కాస్త మగతగా ఉండి మొదట్లో పాలు మెల్లగా తాగొచ్చు, అది తగ్గిపోతుంది. ఊపిరి సరిగా అందకపోతే చూసుకోవడానికి నర్సులు పక్కనే ఉంటారు. మాస్కుతో పీల్చే నైట్రస్ ఆక్సైడ్ గ్యాస్ మీ ఆసుపత్రిలో ఉందేమో కూడా అడగండి. మాస్కు మీ చేతిలోనే ఉంటుంది, తీసేసిన కొద్ది నిమిషాలకే మత్తు దిగిపోతుంది.

ప్రశ్న: ‘మేమంతా ఓర్చుకోలేదా’ అంటోంది మా అత్త. మందు అడగడం తప్పా?
– ఒక సోదరి, మదనపల్లె

జవాబు: తప్పు కాదమ్మా. 1853లో విక్టోరియా రాణి ఎనిమిదో కాన్పులో క్లోరోఫామ్ పీల్చినప్పుడూ కాదన్నవాళ్లున్నారు. మందు లేకుండా కనాలనుకున్నా మంచిదే, నొప్పులు పట్టాక మనసు మారి అడిగినా మంచిదే. ఓర్పు చూపడానికి బిడ్డతో గడిపే రాత్రులు ముందు ముందు ఎన్నో ఉన్నాయి. కాన్పు గదిలో మాత్రం నొప్పి ఎంతుందో నర్సులకు దాచకుండా చెప్పండి.